పన్నెండణాలు కాలానివి, పావలా మీది

"నేనేం జేయల్ల చెప్పు, అట్లయిపాయె!" ఈ వారంలో ఈ మాట మీ నోటి నుంచి ఎన్నిసార్లు వచ్చింది? పోనీ, మీ ఇంట్లో ఎన్నిసార్లు వినిపించింది?

సాకులు చెప్పొద్దని పుస్తకాలన్నీ చెబుతాయి. చెప్పే సాకులన్నీ అబద్ధాలే అన్నట్టు రాస్తారు. ఆదోని, ఎమ్మిగనూరు వైపు పుట్టినవాళ్లకు ఆ సలహా అతకదు. మన సాకుల్లో చాలావాటికి నిజం ఉంది. వాన రాలేదని చెబితే నిజంగానే రాలేదు. పత్తి రేటు పడిపోయిందని చెబితే నిజంగానే పడిపోయింది. 2024 ఆగస్టులో హోస్పేట దగ్గర తుంగభద్ర డ్యాం 19వ గేటు కొట్టుకుపోయింది. దిగువ కాలువ కింద మడి ఉన్న రైతు అందులో చేసిన తప్పేముంది? 1953 అక్టోబరు 1 దాకా ఆదోని బళ్లారి జిల్లాలో ఉండేది. అప్పుడు బళ్లారోళ్లు పట్టించుకోలేదు, ఇప్పుడు కర్నూలోళ్లు పట్టించుకోవడం లేదు అని మన పెద్దలు అరుగు మీద అనే మాటలోనూ కాస్తో కూస్తో న్యాయం ఉంది.

చిక్కంతా అక్కడే వస్తుంది. అబద్ధపు సాకు చెప్పినవాడికి లోపల ఎక్కడో గుచ్చుకుంటుంది. నిజమైన సాకు చెప్పినవాడికి ఏమీ గుచ్చుకోదు, హాయిగా నిద్రపడుతుంది. పక్కింటివాళ్లు కూడా "అవునప్పా, నీ తప్పేముంది" అంటారు. దాంతో ఆ నష్టంలో మన వంతు ఎంతో చూసుకునే అవసరమే రాదు.

ఒక రూపాయి నష్టం జరిగిందనుకోండి. అందులో పన్నెండణాలు కాలానివి, ప్రభుత్వానివి, మార్కెట్టువి, తలరాతవి అనే అనుకుందాం. నేను వాదించను. మిగిలిన పావలా మాత్రం మనది. ఆ పావలా ఎక్కడ పోయిందో వెతికి పట్టుకోవడమే ఈ అధ్యాయంలో మన పని.

యార్డులో పావలా

పత్తి సీజన్లో ఆదోని మార్కెట్ యార్డుకు పొద్దున్నే వెళ్లి చూడండి. టెంపోలు, ట్రాక్టర్లు, ఎద్దుల బండ్లు, మధ్యలో తెల్లటి గుట్టలు. పెద్దతుంబళం వైపు నుంచి ఒక రైతు పత్తి తెచ్చాడనుకుందాం. కొనేవాడు గుట్ట లోపలికి మోచేతి దాకా చెయ్యి దూర్చి, పిడికెడు పత్తి లాగి, నలిపి, పక్కన పడేశాడు. "తేమ ఉంది" అన్నాడు. పక్క లాటు కంటే తక్కువ రేటు పడింది. ఇంటికి తిరిగి వెళ్తూ జీపులో ఆ రైతు ఏమంటాడు? దలాలీలూ మిల్లోళ్లూ కుమ్మక్కయినారు అంటాడు.

కుమ్మక్కయినా అయి ఉండవచ్చు. అది పన్నెండణాల సంగతి.

ఇంటికెళ్లాక భార్య వేరే లెక్క చెప్పింది. "తెల్లారి మంచులో ఒద్దు, ఎండెక్కినాంక తెంపుదామంటి. నువ్వే బండి పోతాదని తొందర జేస్తివి. పట్ట మీద ఒక పూట ఆరబోద్దామంటే ఇంటివా?" ఆమె చెప్పింది పావలా సంగతి. తేమకు ప్రభుత్వం తరఫున పత్తి కొనే సీసీఐ వాళ్లదీ లెక్క ఉంది. 8 శాతం వరకు మద్దతు ధర పూర్తిగా ఇస్తారు. ఆపైన తేమను బట్టి కోత పెడతారు. 12 దాటితే కొనరు. 2025-26 సీజన్‌కు పొడవు పింజ పత్తికి క్వింటాలు మద్దతు ధర 8,110 రూపాయలు. ఒక పూట ఎండబెట్టడం ఎంత విలువైన పనో ఆ రైతే లెక్క వేసుకోగలడు. తూకం పెరుగుతుందని గుట్ట మీద నీళ్లు చిలకరించేవాళ్లు కూడా ఉన్నారు. వాళ్ల పావలా గురించి వేరే చెప్పాలా? ఒకరు చల్లిన నీళ్లకు పక్క లాటును కూడా అనుమానంతోనే చూస్తారు. ఆ కోపం మాత్రం మనకు కొనేవాడి మీదే వస్తుంది.

పావలా వెతకడానికి మూడు ప్రశ్నలు చాలు. కాగితం మీద రాసుకుంటే మంచిది, మనసులో అడుక్కుంటే జవాబు జారిపోతుంది.

1. ఈ నష్టానికి ముందు, నా చేతిలో ఉన్న ఆఖరి నిర్ణయం ఏది? ("మంచులో తెంపడం.")

2. ఆ రోజు నాకు ఎవరైనా వద్దని చెప్పారా? చెప్పింది ఎవరు, నేను ఎందుకు వినలేదు? ఇది నొప్పెట్టే ప్రశ్న. చాలా ఇళ్లలో దీనికి జవాబు భార్య పేరో, తల్లి పేరో అవుతుంది.

3. వచ్చే ఏడు ఇదే పరిస్థితి వస్తే నేను మార్చగలిగిన పని ఒక్కటి ఏది? ఒక్కటే రాయండి. నాలుగు రాస్తే నాలుగూ చేయం.

ఒక హెచ్చరిక కూడా ఇక్కడే చెప్పాలి. కొందరు పావలాతో ఆగరు. రూపాయి మొత్తం నెత్తిన వేసుకుంటారు. వాన పడకపోవడం, బోరు ఎండిపోవడం, బిడ్డ జబ్బు పడటం, అన్నీ తమ తప్పే అనుకుని లోలోపల కుమిలిపోతారు. అప్పులో ఉన్నప్పుడు ఈ ఆలోచన ప్రాణాల మీదికి తెస్తుంది. మీది కాని పన్నెండణాలు మోయడం బాధ్యత అనిపించుకోదు. అలాంటి రాత్రి వస్తే ఒక్కరే కూర్చోకండి. ఇంట్లో లేపి చెప్పండి. లేదా 14416కు ఫోన్ చేయండి. అది టెలీ మానస్ నంబరు, ప్రభుత్వానిది, డబ్బులు అడగరు, తెలుగులో మాట్లాడతారు.

ఒక సంతకం, ఎన్నో ఏళ్ల కోత

బాధ్యత గురించి మాట్లాడుతూ ష్యూరిటీ సంతకం గురించి చెప్పకపోతే మన ప్రాంతంలో ఆ అధ్యాయానికి అర్థం లేదు. ఉద్యోగం వచ్చిన మొదటి నెల జీతం చేతికి రాకముందే చుట్టాలు వస్తారు. చిట్టీ పాడుకున్నాడు, గ్యారంటీకి గవర్నమెంటు ఉద్యోగి సంతకం కావాలంట. లేదా బ్యాంకులో లోను, ఒక్క సంతకం చాలంట.

ఎమ్మిగనూరులో కొత్తగా టీచరు ఉద్యోగంలో చేరిన అమ్మాయి ఇంటికి మేనమామ వచ్చాడనుకోండి. కాఫీ తాగాక కాగితాలు తీశాడు.

"ఊరికే ఫార్మాలిటీ తల్లీ. నేను కట్టకుండా పోతానా? నిన్ను ఎత్తుకుని పెంచిన చేతులివి."

"ఎంత మామా?"

"అదంతా నీకెందుకమ్మా, నేను చూసుకుంటా."

ఈ చివరి వాక్యం దగ్గర మీరు ఆగాలి. ఎంతో చెప్పని అప్పుకు సంతకం పెట్టమనడం ప్రేమతో అడిగే పని అయినా సరే, మీకు ప్రమాదమే. భారత కాంట్రాక్టు చట్టం 1872 నాటిది. దాని 128వ సెక్షన్ ప్రకారం అప్పు తీసుకున్నవాడికి ఎంత బాధ్యత ఉందో హామీ ఉన్నవాడికీ అంతే ఉంటుంది, ఒప్పందంలో వేరుగా రాసుకుంటే తప్ప. ఆయన కట్టకపోతే ముందు ఆయన ఆస్తి అమ్మి, మిగిలింది మీ దగ్గరికి వస్తారన్న నమ్మకం చాలామందికి ఉంది. అలాంటి వరుస చట్టంలో లేదు. నేరుగా మీ దగ్గరికే రావచ్చు. ఆయన వాయిదాలు తప్పితే ఆ మచ్చ మీ సిబిల్ లెక్కలోనూ పడుతుంది. రేపు మీ ఇంటి లోనుకు అదే అడ్డం.

సంతకం పెట్టకూడదని నేను చెప్పడం లేదు. మన కుటుంబాలు ఒకరికొకరు నిలబడటం వల్లే బతుకుతున్నాయి. పెట్టేముందు ఈ పని చేయండి:

1. మొత్తం ఎంత, నెలకు ఎంత, ఎన్ని నెలలు, ఈ మూడు అంకెలు మీ చేత్తో మీ పుస్తకంలో రాసుకోండి. అవతలివాళ్లు చెప్పనంటే అక్కడితో మాట ముగిసింది.

2. ఆయన ఒక్క రూపాయి కూడా కట్టలేదని అనుకుని, ఆ నెలవారీ మొత్తం మీ జీతంలోంచి తీసేసి చూడండి. మిగిలిన దానితో ఇల్లు గడుస్తుందా? గడవకపోతే మీరు హామీ ఉండే స్థితిలో లేరు. ఇందులో సిగ్గుపడాల్సింది లేదు.

3. పెళ్లయి ఉంటే ఇంట్లో చెప్పకుండా పెట్టకండి. దాచిన సంతకం బయటపడిన రోజు అప్పు కంటే పెద్ద గొడవ అవుతుంది.

4. కాగితాల నకలు తీసి పెట్టుకోండి. ఖాళీ చోట్లు ఉన్న ఫారం మీద, ఎంత దగ్గర చుట్టం తెచ్చినా, సంతకం చేయకండి.

5. పెట్టిన తర్వాత దాన్ని మీ అప్పుగానే చూడండి. మూడు నెలలకోసారి "మామా, కంతు కట్టినావా, రసీదు చూపించు" అని అడగండి. అడిగితే బాగుండదని ఊరుకున్నవాళ్లే తర్వాత కోర్టు నోటీసు చూసి "నాకేం తెలుసు" అంటారు. అడగకపోవడం కూడా మీరు తీసుకున్న నిర్ణయమే.

ఇక కాదనడం ఎలా? మనవాళ్లకు రానిదల్లా అదే. కాదనలేక "చూద్దాంలే మామా", "ఆధార్ కార్డు దొరకడం లేదు", "మా హెచ్ఎం ఒప్పుకోవడం లేదు" అని వారాలు గడుపుతారు. ఇది మంచితనంలా కనిపిస్తుంది కానీ అవతలివాడి సమయం తినేయడమే. కాదనేటప్పుడు ఇంకొకరి మీద నెట్టకండి. "మామా, నా జీతానికి ఇది పెద్ద బరువు. నేను సంతకం పెట్టలేను. నా దగ్గర ఐదు వేలున్నాయి, అవి తిరిగి అడగను, తీసుకో." ఇంతే. ఆయన ముఖం మాడ్చుకుంటాడు. ఉగాదికి పిలవకపోవచ్చు. ఆ కోపం భరించడం మీ పావలా. దాని పక్కన పదేళ్లు జీతం కోత పడటం పెట్టి చూసుకోండి.

తప్పు ఒప్పుకోవడానికీ ఒక పద్ధతి ఉంది

ఆదోనిలో జిన్నింగ్ మిల్లులు ఎన్నో ఉన్నాయి. అలాంటి ఒక మిల్లులో తూకాలు రాసే కుర్రవాడు ఒక బోరెం బరువు 42 కిలోలు ఉంటే 24 అని రాశాడు. సాయంత్రం లెక్క తేలలేదు. అతనికి తప్పు తెలిసిపోయింది. ఇంకెవరికీ ఇంకా తెలియదు. అప్పుడేం చేయాలి?

సాధారణంగా జరిగేది ఇది: "శేట్, హమాలీలు కేకలేస్తాంటే సరిగ్గా ఇనపడల్యా. పైగా పొద్దుట్నించి అన్నం లేదు. పొరపాటు జరిగిండొచ్చు." ఇందులో క్షమాపణ ఉందా? హమాలీల మీద ఫిర్యాదు ఉంది, ఆకలి ఉంది, "జరిగిండొచ్చు" ఉంది. చేసినవాడు మాత్రం ఎక్కడా లేడు.

ఇలా చెబితే ఎలా ఉంటుంది? "శేట్, మూడో లాటులో ఒక బోరెం 42 ఉంటే నేను 24 రాసినా. 18 కేజీలు తేడా. రైతు ఇంకా యార్డులోనే ఉన్నాడు, ఇప్పుడే పోయి చీటీ మార్చి ఇస్తా. రేపట్నించి ప్రతి అంకె పైకి చదివి రాస్తా." నాలుగు వాక్యాలు. ఏం చేశాను, ఎవరికి ఎంత నష్టం, ఇప్పుడు ఏం చేస్తాను, మళ్లీ జరగకుండా ఏం మారుస్తాను. ఈ నాలుగూ ఈ వరుసలోనే చెప్పండి. ఆకలి సంగతి, హమాలీల సంగతి వాళ్లు అడిగితే చెప్పవచ్చు.

శేట్ తిడతాడా? తిట్టవచ్చు. ఒప్పుకుంటే అందరూ భుజం తడతారని నేను మీకు హామీ ఇవ్వలేను. కొన్నిచోట్ల నిజం చెప్పినవాడి జీతమే కోస్తారు. అయినా ఆ 18 కిలోలు ఎవరివి? ఏడాదంతా కష్టపడినవాడివి. శేట్ మంచివాడా చెడ్డవాడా అన్నదానితో సంబంధం లేకుండా ఆ చీటీ మారాలి.

ఇక్కడ చేసే మామూలు పొరపాట్లు రెండు. ఒకటి, తప్పు చిన్నగా ఉన్నప్పుడు దాచి, పెద్దదయ్యాక ఒప్పుకోవడం. రెండోది, అందరి ముందూ తిట్టి, ఎవరూ లేనప్పుడు క్షమాపణ అడగడం. పదిమందిలో కోడల్ని కసిరిన అత్త, వంటింట్లోకి వచ్చి "ఏమనుకోవద్దమ్మా" అంటే ఎలా సరిపోతుంది? ఎక్కడ పోగొట్టారో అక్కడే తిరిగి ఇవ్వాలి.

ఊరంతా పోతుంటే?

హొళగుంద మండలం దేవరగట్టు కొండ మీద దసరా రాత్రి మాళ మల్లేశ్వరస్వామి ఉత్సవం గురించి కర్నూలు జిల్లాలో తెలియనివాళ్లు లేరు. బన్ని ఉత్సవం. ఉత్సవ విగ్రహాల కోసం ఊళ్లవాళ్లు కర్రలతో తలపడతారు. పోలీసులు ముందు నుంచే ఊరూరా చెబుతారు, కర్రలు పట్టుకుంటారు, డాక్టర్లను కొండ దగ్గరే ఉంచుతారు. అయినా ఏటా తలలు పగులుతూనే ఉన్నాయి.

దేవుడి మీద భక్తిని నేను ప్రశ్నించడం లేదు. తరతరాల మొక్కు అది. నేను మాట్లాడేది భక్తితో సంబంధం లేకుండా, మందు తాగి, దోస్తులు పోతున్నారని కర్ర పట్టుకుని బయల్దేరే ఇరవై ఏళ్ల కుర్రవాడి గురించి. మర్నాడు ఆదోని ఆసుపత్రిలో తలకు కట్టుతో ఉన్న పక్క ఊరివాణ్ని కొట్టిందెవరు? "గుంపులో ఎవరిదో తగిలింటాది." గుంపుకు చెయ్యి ఉండదు. ప్రతి కర్రకూ వెనక ఒక పేరున్న మనిషి ఉన్నాడు.

ఉత్సవానికి వెళ్లే పిల్లలకు ఒక చిన్న ఉపాయం. గుంపులో చేరే ముందే, ఇంట్లో ఉండగానే నిర్ణయం తీసుకోండి: తాగను, కర్ర పట్టను, ఫలానా చోటు నుంచి చూసి వస్తాను. అక్కడికి వెళ్లాక ఆలోచిద్దామనుకుంటే అక్కడ ఆలోచించేది మీరు కాదు. క్రికెట్ బెట్టింగ్ యాప్ దగ్గరా ఇదే వర్తిస్తుంది. మన రాష్ట్రంలో ఆన్‌లైన్ జూదాన్ని 2020లోనే నిషేధించారు. అయినా ఫోన్లో ఉంది కదా, అందరూ ఆడుతున్నారు కదా అంటారు. మీ ఖాతాలోంచి పోయిన డబ్బుకు "అందరూ" వాటా ఇస్తారా?

సుగ్గికి పోయే ముందు

ఇది రాయడం కష్టంగా ఉంది. కోసిగి, మంత్రాలయం, పెద్దకడబూరు, ఆదోని ఊళ్ల నుంచి మిరప కోతలకు గుంటూరు వైపు సుగ్గికి పోయేవాళ్లకు బాధ్యత గురించి పాఠం చెప్పే అర్హత ఎవరికుంది? ఇంటికి తాళం వేసి, ముసలివాళ్లను వదిలి, సామాను లారీకి ఎక్కించి పోయేవాళ్లు సరదాకు పోవడం లేదు. ఇక్కడ పన్నెండణాలు కాదు, పదిహేనణాలు కాలానివే.

మిగిలిన ఆ ఒక్క అణా పిల్లల చదువు. ఐదో తరగతి పిల్లను వెంట తీసుకుపోతే చిన్నదాన్ని చూసుకుంటుంది, తానూ నాలుగు కాయలు కోస్తుంది. తిరిగి వచ్చేసరికి పరీక్షల సమయం అయిపోయి ఉంటుంది. ఆ ఏడు పోయినట్టే. మరుసటి ఏడు బడికి పోవడానికి ఆ పిల్లకు సిగ్గు. ఇలా మానేసినవాళ్లు మన ఊళ్లలో ఎంతమంది ఉన్నారో మీకే బాగా తెలుసు.

పోవడం తప్పదనుకున్నప్పుడు, పోయే వారం ముందు చేయగలిగినవి ఇవి. బడికి వెళ్లి అయ్యవారికి చెప్పండి, ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ దాకా ఉండం అని. వలస పోయేవాళ్ల పిల్లల కోసం ప్రభుత్వం సీజనల్ హాస్టళ్లు నడుపుతుంది. మీ ఊళ్లో ఈ ఏడు ఉందా లేదా అని అడగండి, లేకపోతే ఎందుకు లేదని పదిమంది కలిసి అడగండి. అవ్వ దగ్గర వదిలేటట్టయితే పిల్ల బడికి పోతోందా అని అవ్వను కాక అయ్యవారిని అడగండి, వారానికి ఒక ఫోను. చెప్పకుండా లారీ ఎక్కితే హాజరు పట్టీలో పిల్ల పేరు ఎదురుగా గీత పడుతుంది, అంతకంటే ఎవరికీ ఏమీ తెలియదు.

ఇంకో మాట. పిల్లలకు దామోదరం సంజీవయ్య కథ చెప్పి "ఆయన చదవలేదా, నీకేం రోగం" అని గద్దిస్తుంటారు కొందరు. కర్నూలు దగ్గర పెద్దపాడులో 1921లో పుట్టిన దళిత బిడ్డ. పసికందుగా ఉండగానే తండ్రి పోయాడు. 1960లో ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రి అయ్యారు. గోనెగండ్ల దగ్గరి గాజులదిన్నె ప్రాజెక్టుకు ఆయన పేరే పెట్టారు. గొప్ప కథే. కానీ దాన్ని పిల్లవాడికి ఎందుకు చెబుతున్నాం? అంత పేద ఇంట్లో ఆ బిడ్డను కూలికి కాక బడికి పంపాలన్న నిర్ణయం పెద్దవాళ్లది. ఆ కథ వినాల్సింది మనం.

మగ్గం దగ్గర

ఎమ్మిగనూరులో నేత నేసేవాళ్ల ఇంటికి వెళ్తే పడుగులో పోగు తెగినప్పుడు ఏం జరుగుతుందో చూడండి. మగ్గం చప్పుడు ఆగిపోతుంది. నేసేవాడు వంగి, తెగిన కొసలు రెండూ వెతికి పట్టుకుని, వేళ్లతో నలిపి అతికి, మళ్లీ నాడె విసురుతాడు. ఆపకుండా నేసుకుపోతే ఒక గీత గుడ్డ పొడవునా కనిపిస్తూనే ఉంటుంది. కొనేవాడికి ఆ రాత్రి కరెంటు పోయిందన్న సంగతి తెలియదు, నేసినవాడికి జ్వరమన్న సంగతీ తెలియదు. గీత మాత్రం కనిపిస్తుంది.

ఈ ఊరి నేతగాళ్లు ఒకప్పుడు పూర్తిగా వ్యాపారి చేతిలో ఉండేవాళ్లు. నూలు అతనిదే, రేటూ అతను చెప్పిందే. "మనమేం చేయగలం" అనడానికి ఇంతకంటే మంచి కారణం ఉంటుందా? 1938లో మాచాని సోమప్ప ఇక్కడ నేత కార్మికుల సహకార సంఘం పెట్టారు. తర్వాత ఆయనకు పద్మశ్రీ వచ్చింది. ఎమ్మిగనూరు దుప్పట్లు, తువ్వాళ్లు దూరదేశాలకు పోయాయి. సోమప్ప గొప్పతనం అందరూ చెబుతారు. నేను చెప్పదలచింది సంఘంలో చేరిన సభ్యుడి సంగతి. వ్యాపారి ఉన్నంత కాలం గుడ్డ బాగులేకపోతే తిట్లు తిని ఊరుకోవచ్చు. సంఘం తనదయ్యాక, చెడ్డ గుడ్డ నేస్తే పోయేది తన సంఘం పేరే. తీసుకున్న అప్పు కట్టకపోతే పక్కవాడికి నూలు దొరకదు. స్వాతంత్ర్యంతో పాటు నింద కూడా మన ఇంటికే వస్తుంది. చాలామందికి మొదటిది కావాలి, రెండోది వద్దు. ఈ రోజుల్లో డ్వాక్రా గ్రూపుల్లో జరిగే గొడవల్లో సగం ఇక్కడ పుట్టినవే.

మరికొన్ని, పొట్టిగా

తొలకరి వానలు పడగానే జొన్నగిరి, తుగ్గలి పొలాల్లో వజ్రాల కోసం జనం వంగి నడుస్తుంటారు. వెతకండి, దొరికితే సంతోషం. కానీ అప్పిచ్చినవాడికి "వజ్రం దొరికితే ఇస్తా" అని చెప్పకండి. విత్తనం వేయాల్సిన పదును ఆ వారమే ఉంటుంది.

ఉరుకుంద ఈరన్న దగ్గర శ్రావణంలో "ఇక తాగను సామీ" అని మొక్కుకుంటారు. మొక్కు మంచిదే. ఆ మాట దేవుడికి మాత్రమే చెప్పి ఊరుకుంటే మాత్రం పని జరగదు. ఇంట్లో భార్యకూ, రోజూ సాయంత్రం కలిసే దోస్తుకూ కూడా చెప్పండి. వాళ్లు అడుగుతారు, దేవుడు అడగడు.

మాట ఇచ్చేటప్పుడు తేదీ చెప్పండి. "త్వరలో ఇస్తా" అన్నవాడు అబద్ధం ఆడకుండానే ఏళ్లు గడిపేయగలడు. "పదో తారీకు" అన్నవాడికి తొమ్మిదో తారీకు రాత్రి నిద్రపట్టదు. అందుకే మనం తేదీ చెప్పం.

ఆ తేదీకి కుదరదని తెలిస్తే, ముందురోజే మీరు ఫోన్ చేయండి. అవతలివాడు చేసేదాకా ఆగొద్దు. అతని ఫోను చూసి ఎత్తకుండా వదిలేస్తే, డబ్బుతో పాటు మనిషీ పోతాడు.

పిల్లల ముందు "వాడి వల్ల, వీడి వల్ల" అనే మాటలు తగ్గించండి. మార్కులు తగ్గినప్పుడు వాళ్లు "టీచరు సరిగ్గా చెప్పలేదు" అంటున్నారంటే ఎక్కడ నేర్చుకున్నారో అడగాల్సిన పని లేదు.

ఇప్పుడు ఒక పని. పుస్తకం పక్కన పెట్టి ఒక కాగితం తీయండి. పోయిన ఏడాదిలో మీకు జరిగిన ఒక నష్టం పేరు పైన రాయండి, పంటో, ఉద్యోగమో, మాట పట్టింపుతో దూరమైన తమ్ముడో. కింద మీ పావలా ఒక్క వాక్యంలో రాయండి. ఆ వాక్యం ఎవరికి చెప్పాలో మీకు రాస్తుండగానే తెలిసిపోతుంది. ఇంకా తొమ్మిది కాలేదు, వాళ్లు మేలుకునే ఉంటారు. ఫోన్ చేయండి.